కొసరుకు పోయిన ఆటస్థలం

మొన్న మణికొండలో మా మనవరాలి బడి నుంచి ఒక కాగితం వచ్చింది. పిల్ల రెండో తరగతి. బడి అంటే దుకాణాల మీద లేచిన మూడంతస్తులు, కింద మందుల షాపు, పక్కన పిజ్జాల కొట్టు. ఆరోగ్య వారోత్సవం జరుపుతున్నామని, పిల్లలు రోజుకు ఒక గంట ఆరుబయట పరుగెత్తి ఆడుకుంటున్నట్టు పెద్దవాళ్లు గళ్లలో టిక్కులు పెట్టి సంతకం చేసి పంపాలని అందులో ఉంది. ఎక్కడ పరుగెత్తాలో మాత్రం లేదు. మా అపార్టుమెంటుకు కింద కార్లు, పైన నీళ్ల ట్యాంకులు, మధ్యలో మేము. చదివి నవ్వుకున్నాను. ఆ నవ్వులో సగం వాళ్లను చూసి, సగం నన్ను చూసి. ఎందుకంటే ఇలాంటి ఆరోగ్యపు పెద్దమనుషులకే ఒకప్పుడు నూరుమంది పిల్లలు ఆడుకునే జాగాను నా చేత్తో నేనే రాసిచ్చాను, అదీ బేరంలో గెలిచాననుకుని.

తొంభైల చివరి రోజులవి. మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, హైటెక్ సిటీ భవనం కొత్తగా లేచి, దాని చుట్టూ ఇంకా బండలూ తుమ్మచెట్లూ మిగిలి ఉన్న కాలం. కోఠిలో బస్సెక్కి, దారిలో ఇంకో బస్సు మారి, చివరి మైలు కాళ్లీడ్చుకుంటూ నడిచి నేను మాదాపూర్ అవతల ఒక సర్కారు ప్రాథమిక బడికి పోయేదాన్ని. రెండు గదులు, ఒక వరండా, పెద్దసారు, నేను. పిల్లల్లో చాలామంది పాలమూరు వైపు నుంచి కట్టుబడి పనికి వచ్చిన వాళ్ల బిడ్డలు. బడికి నీళ్లు లేవు, నల్లబల్ల మీద నలుపు లేదు. ఉన్నదల్లా వెనక ఎర్రమట్టి జాగా, దాని చివర ఏనుగు వీపులాంటి జారుడు బండ. మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది, చెల్లెల్ని చంకనేసుకుని మైలు దూరం నడిచి వచ్చేది. ఆట గంట కొట్టగానే ఆ చెల్లెల్ని నా ఒళ్లో పడేసి బండ దాకా ఉరికి, మిగతా వాళ్లు సగం దూరం చేరకముందే తిరిగొచ్చేది.

అలాంటి రోజుల్లో పక్కన మేడలు కడుతున్న ఒక కంపెనీవారికి ఉన్నట్టుండి పిల్లల ఆరోగ్యం మీద ప్రేమ పుట్టింది. ఒక మేడమ్‌ను పంపారు. ఆమె ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, రంగుల పటం విప్పి, పొద్దున్నే పాలు, గుడ్డు, ఆపిల్ తినాలని చెప్పింది. ఆపిల్ బొమ్మ మీద కర్ర పెట్టి ఇదేమిటని అడిగితే వరండా అంతా ఒక్క గొంతుతో టమాట అన్నది. తర్వాత వ్యాయామం. చెల్లెల్ని మోసుకొచ్చిన పిల్లకు చేతులు ఎలా పైకెత్తాలో, ఎలా పక్కకు చాపాలో నేర్పింది. నాలుగుసార్లు ఎత్తి దించేసరికి మేడమ్‌కే ఆయాసం వచ్చింది. ఆ పిల్ల జాలిగా నా వైపు తిరిగి, "టీచరమ్మ, గామెకు జర నీళ్లియ్యరాదు, అలసిపోయింది" అంది. నీళ్లెక్కడివి? చేతులు కడుక్కోవడం మీద ఉపన్యాసమిచ్చి, తలా ఒక సబ్బు పంచి, ఫొటోలు తీయించుకుని ఆమె వెళ్లిపోయింది. నీళ్లు లేని బడిలో సబ్బులు. పిల్లలు రెండు రోజులు వాటిని వాసన చూసుకుంటూ తిరిగారు.

ఇక్కడే నాలోని కొట్టు బిడ్డ నిద్రలేచింది. నేను పుట్టి పెరిగింది బేగంబజారులో, కిరాణా కొట్టు వెనక గదిలో. మా నాయన పప్పు తూచి, సంచీ మూతి కట్టబోయే ముందు ఇంకో గుప్పెడు తీసి అందులో పోసేవాడు, కొసరన్నమాట. కొనేవాళ్ల కళ్లు ఆ గుప్పిటి వెంటే పోయేవి, తక్కెడ ముల్లు ఎటు వాలిందో ఒక్కరూ చూసేవారు కాదు. గల్లాపెట్టె పక్కన కూర్చుని వాళ్లను చూసి నవ్వుకుంటూ పెరిగినదాన్ని నేను.

వారం తిరక్కుండానే కంపెనీ కట్టుబడి మేనేజరు వచ్చాడు, కోస్తా మనిషి, మాటకు రెండు అండీలు. బడికి నల్లా పెట్టిస్తాడట, బదులుగా వెనక జాగాలో ఇనుప కడ్డీలూ కంకరా ఒక ఆరు నెలలు వేసుకోనివ్వాలట. ఆ జాగా ఇచ్చే హక్కు మాకుందా అని ఎవరూ అడగలేదు. పెద్దసారు భయస్థుడు, బేరం నా మీద వదిలేశాడు. నల్లా ఎవరికి కావాలన్నట్టు మొహం తిప్పుకుని మూడడుగులు వేశాను. చీరల కొట్టులో వెనక్కి పిలుస్తారని తెలిసి వేసే అడుగులే అవి. "ఉండండి మేడమ్ గారూ, అలా వెళ్లిపోతే ఎలాగండి" అని పిలిచాడు. ఒకటి కాదు, మూడు నల్లాలన్నాను. సరేనన్నాడు. గోడలకు సున్నమన్నాను, వాటి మీద ఆరోగ్య సూత్రాలు, బొమ్మలన్నాను. సరేనన్నాడు. చివరికి కొసరుగా బరువు తూచే యంత్రం కూడా అడిగాను. "మీతో గెలవలేమండీ" అని చేతులు జోడించాడు. ఆ మాటకు ఎంత ఉబ్బిపోయానో. అవతలివాడు అంత తొందరగా చేతులు జోడించాడంటే పోయేది నా సరుకేనని ఏ కొట్టులోని చంటిపిల్లకైనా తెలుస్తుంది. ఒప్పుకోలు కాగితం నేనే గుండ్రటి అక్షరాల్లో రాసి పెద్దసారు చేత సంతకం పెట్టించాను. ఆరు నెలలని రాశాను, ఏ రోజు నుంచో రాయలేదు. తేదీ లేని చీటీని మా నాయన వేలితో కూడా ముట్టేవాడు కాదు.

నల్లాలు వచ్చాయి. గోడ మీద ఆపిల్ కూడా వచ్చింది. వెనక జాగాలో ముందు కడ్డీలు, తర్వాత కంకర, ఆ తర్వాత లారీలు, చివరికి చుట్టూ రేకుల కంచె. ఆట గంటలో పిల్లలు వరండాలో వరసగా కూర్చుని గోడ మీద రాయించిన 'ప్రతిరోజూ ఆడుకోవాలి' అన్న సూత్రాన్ని కూడబలుక్కుని చదివేవారు. ఆ పరుగుల పిల్ల కూర్చోలేకపోయింది. రేకుల సందులోంచి దూరి, బండ వైపు ఉరికి, కడ్డీ గీరుకుని పిక్క చీల్చుకుంది. దవాఖానలో కుట్లు వేయించి, సిమెంటు చేతులతోనే దాని తల్లి నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"చేతులు కడుక్కోనీకి నల్లా ఇప్పిచ్చినవ్ టీచరమ్మ, మంచిగుంది. గా జాగ ఎవల్నడిగి ఇచ్చినవ్? నా బిడ్డ ఇగ ఏడ ఉర్కాలె?"

 ఆ సాయంత్రమే కాగితం పట్టుకుని మేనేజరు దగ్గరికి పోయి, ఆరు నెలలు ఎప్పుడో దాటిపోయాయన్నాను. ఆయన కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చూశాడు. "దీంట్లో తేదీ ఏదండి? పని అయ్యాక కదండీ ఆరు నెలలు మొదలయ్యేది" అన్నాడు, ఎంతో మర్యాదగా. మా నాయన గుప్పెడు పప్పు పోసేటప్పుడు మొహం సరిగ్గా అలాగే పెట్టేవాడు.

ఆ పని అవ్వనేలేదు. ఒక మేడ కాగానే ఇంకో మేడ. జారుడు బండను మందుపెట్టి పేల్చారు. ఎండాకాలానికి నల్లాలు ఎండిపోయాయి. పరుగుల పిల్లను తీసుకుని దాని తల్లిదండ్రులు పుప్పాలగూడ వైపు ఇంకో పనికి పోయారు, కుట్లు మానాక ఆ కాలు మళ్లీ ఉరికిందో లేదో నాకు తెలియదు. అది తెలియకపోవడమే ఇన్నేళ్లూ నన్ను వదలకుండా ఉంది.

అప్పటి పిల్లలకు పాలు లేవు, పండ్లు లేవు, సబ్బుకు నీళ్లు లేవు. పరుగెత్తడానికి నేల ఉండేది. ఊరికే దొరికింది కనుక దాన్ని ఆరోగ్యమని మేమెవరం అనుకోలేదు. ఇప్పుడు మా మనవరాలికి పాలున్నాయి, పండ్లున్నాయి, వేసిన అడుగులు లెక్కపెట్టే గడియారం కూడా మణికట్టుకు ఉంది, వంటింటి నుంచి వరండాకు పోయి వస్తే అది మెచ్చుకుంటూ మోగుతుంది. చెప్పే మేడమ్‌లు మాత్రం మారలేదు, పటాలకే రంగులు పెరిగాయి.

"అమ్మమ్మా, అన్నిట్లో టిక్కు పెట్టెయ్, స్టార్ ఇస్తరు" అని నిన్న పిల్ల పెన్ను తెచ్చిచ్చింది. స్టార్. అంటే మళ్లీ కొసరు. గళ్లన్నీ ఖాళీగా వదిలి, అడుగున రాశాను: స్థలం చూపించండి, రోజూ ఆడిస్తాను. పిల్ల మూతి ముడుచుకుంది. సంతకం చేసి, దాని పక్కన ఈసారి పెద్ద అక్షరాలతో తేదీ వేశాను.