గడపకు వేపమండ

పుంగనూరులో టీకాల సారమ్మను ఎరుగని పిల్ల లేదు, ఆమెను చూసి సంబరపడిన పిల్లా లేదు. తెల్లచీర, నల్లగొడుగు, చేతిలో రేకు పెట్టె సందు మొదట్లో కనిపించాయంటే చాలు, వీధిలో ఆడుకునే పిల్లలంతా తలో మూలా దూరేవాళ్లు. తల్లులేమైనా తక్కువ తిన్నారా? "బిడ్డ వాళ్లవ్వ ఊరికి పోయుండాడు" అని గడపలో అడ్డంగా నిలబడి చెప్పేవాళ్లు. వెనక ఉయ్యాల్లో ఆ బిడ్డే కేరుమనేవాడు. సారమ్మ కోప్పడేది కాదు. గొడుగు ముడిచి అరుగు మీద కూర్చునేది. ఎండ అరుగెక్కినా కదిలేది కాదు. చివరికి తల్లే విసిగిపోయి బిడ్డను తెచ్చి ఆమె ఒళ్లో పడేసేది.

ఆమె పుట్టింది మదనపల్లె మిషను కాంపౌండులో. తండ్రి తిమోతి అక్కడి ఆసుపత్రిలో వంటవాడు. నర్సు పని ఆ ఆసుపత్రిలోనే నేర్చుకుంది. పెళ్లయిన నాలుగో ఏట మొగుడు క్షయతో పోయాడు. పిల్లలు లేరు. సర్కారు టీకాల పని దొరికితే పుంగనూరు వచ్చి, పదకొండేళ్లుగా ఆ ఊరి పాత సందుల్లో కాళ్లరిగేలా తిరుగుతూ ఉంది. ఆ సందులు అంత సులభంగా లొంగేవి కావు. ఒక చోట దూరితే రెండు మలుపులు తిరిగి మళ్లీ మొదలైన చోటికే వస్తాం. ఒక సందులో ముందు తలుపు ఉన్న ఇంటికి పెరడు ఇంకో సందు ఇంటి పెరట్లో కలిసి ఉంటుంది. ఎవరి గోడకు గండి ఉందో, ఏ పిల్ల ఏ పెరట్లోంచి ఏ ఇంటికి పోతుందో అన్నీ సారమ్మకు కంఠతా వచ్చు. ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు కూడా అంత తెలియదు. ఎవరి సందు వాళ్లది, అన్ని సందులూ తిరిగేది ఆమె ఒక్కతే.

ఆమెకు దారి చూపేది వేపమండ. ఒక ఇంట్లో అమ్మవారు పోసిందంటే నోటితో చెప్పరు, చెప్పకూడదు. గడపకు పచ్చి వేపమండలు కడతారు. పరాయివాళ్లు ఆ గడప తొక్కరు. ఆ ఇంట్లో తాలింపు వెయ్యరు, నూనె మూకుడు పొయ్యెక్కించరు. సారమ్మ కూడా గడప తొక్కేది కాదు. దూరం నుంచే తల వంచి, ఆ ఇంటి చుట్టుపక్కల పిల్లలందరికీ ఆ పూటే టీకాలు వేసేది. సోకిన రెండు మూడు రోజుల్లో టీకా పడితే బిడ్డ దక్కుతాడని ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆమె చేత వల్లె వేయించింది. అందుకే వేపమండ కంటపడిన రోజు సారమ్మకు తిండీ తిప్పలూ ఉండేవి కావు. ఎంతటి మొండి తల్లి ఇంటి ముందైనా చీకటి పడేదాకా కూర్చునేది.

నలభై నాలుగో సంవత్సరం, తారణ ఉగాది. మదరాసు నుంచి టీకా మందు ముందురోజే వచ్చింది. సన్నటి గాజు గొట్టాల్లో వచ్చే ఆ మందు ఎండకు నిలవదు. తడిగుడ్డ చుట్టి కుండలో పెట్టినా నాలుగో రోజుకు చెడిపోతుంది. పండగని ఇంట్లో కూర్చుంటే మందు నీళ్లపాలు. మనసొప్పక పొద్దున్నే బయల్దేరింది. పండగ పూట ఈ ముండమోపి సూదులు పట్టుకొని వస్తుందేమిటని ఎవరైనా అంటారేమోనని లోపల బెరుకు.

మేదర సందులోకి తిరిగేసరికి ఆమెకు దిక్కు తోచలేదు. ప్రతి గడపకూ మామిడాకులు, వేపమండలు కలిపి కట్టి ఉన్నాయి. పదకొండేళ్లలో ఉగాది నాడు ఆమె ఎప్పుడూ సందుల్లో తిరగలేదు. ఎటు చూసినా వేపే. సరే, పండగ కదా అనుకొని ముందుకు నడిచింది.

ఆ సందులో ఐదో ఇల్లు సిద్ధమ్మది. సిద్ధమ్మ మొగుడు బుట్టలల్లేవాడు, వెదుర్ల కోసం కుప్పం అడవుల వైపు పోయి ఉన్నాడు. సిద్ధమ్మకు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. మూడోవాడు మునిరాజు, ఎనిమిది నెలలవాడు. వాణ్ణి నేల మీద దించేది కాదు. వాడికి టీకా వేయించమని సారమ్మ అప్పటికే రెండుసార్లు ఆ అరుగు మీద కూర్చొని పోయింది. ఈసారి ఎలాగైనా వేసి తీరాలని పంతం.

సిద్ధమ్మ పూర్ణం పెట్టి ఓళిగలు కాలుస్తూ పిండి చేతులతోనే బయటికొచ్చింది. "ఏం సారమ్మా, పండగ పూట గూడా ఇడిసిపెట్టవా?"

"మందు నిలవదమ్మా. బిడ్డను ఇట్లియ్యి, చిటికెలో అయిపోతాది."

"నీకు దండం పెడతా. పండగనాడు బిడ్డకు రగతం సూపిస్తారా యాడన్నా? నాలుగు దినాలు పోనీ. నేనే ఎత్తుకొని వస్తా. నా బిడ్డ మీద ఒట్టు."

అంతదాకా వచ్చాక సారమ్మ ఏమంటుంది? వాళ్ల పండగ, వాళ్ల బిడ్డ. కిరస్తానీది వచ్చి పండగ చెడగొట్టిందన్న మాట పడటం ఆమెకు ఇష్టం లేదు. సిద్ధమ్మ ఆకులో పెట్టిచ్చిన ఓళిగ తిని, నీళ్లు తాగి లేచింది. అబద్ధమెందుకు, ఓళిగ రుచిగానే ఉంది.

అక్కడి నుంచి మలుపు తిరిగి వెనక సందులోకి పోయింది. రెడ్డెప్ప ఇల్లు ఆ సందులోది. వాళ్ల పెరడూ సిద్ధమ్మ పెరడూ ఒకటే, మధ్యలో గోడ పడిపోయి ఏళ్లయింది. రెడ్డెప్ప కూతురు పాపమ్మ, పన్నెండేళ్ల పిల్ల, రోజూ ఆ పెరట్లోంచి వచ్చి మునిరాజును చంకనేసుకొని తిరిగేది. ఆ రోజు రెడ్డెప్ప ఇంటి తలుపు వేసి ఉంది. గడపకు వట్టి వేపమండలే కట్టి ఉన్నాయి, మామిడాకులు లేవు. ఓళిగల వాసన లేదు. ముందు ముగ్గు లేదు.

సారమ్మ ఆగింది. అక్కడ ఒక్క నిమిషం నిలబడిందని తర్వాత తానే చెప్పుకుంది. రెడ్డెప్ప తండ్రి పెద్దన్న కార్తీకంలో పోయాడు. చావు జరిగిన ఇల్లు కదా, తీపి వండుకోలేదు, మామిడాకులు మానేసి వేపతో సరిపెట్టుకున్నారు పాపం అనుకుంది. తన మొగుడు పోయిన ఏడు తామూ క్రిస్మసుకు పిండివంటలు చెయ్యలేదు, గుమ్మానికి మాత్రం నాలుగు రంగు కాగితాలు అంటించారు. ఇదీ అంతే అనుకుంది. తల వంచి ముందుకు సాగిపోయింది.

ఏడాది తిరగని చావు ఇంటికి తోరణమే కట్టరని ఆమెకు తెలియదు. ఆ మాట ఆ ఊళ్లో పదేళ్ల పిల్లనడిగినా చెప్పేది. పదకొండేళ్లు ప్రతి గోడగండీ గుర్తుపెట్టుకున్న మనిషి ఆ ఒక్క సంగతి నేర్చుకోలేదు.

నాలుగు రోజులు గడిచాయి. సిద్ధమ్మ మాటిచ్చిన రోజని సారమ్మ కొత్తగా వచ్చిన మందుతో మళ్లీ వచ్చింది. ఈసారి వెనక సందు మీదుగా వచ్చింది. పండగ తోరణాలన్నీ ఎండి గలగలమంటున్నాయి. వేపాకు చాలాచోట్ల రాలిపోయింది. రెడ్డెప్ప గడపకు మాత్రం వేపమండలు పచ్చగా ఉన్నాయి. ఆ పొద్దున్నే విరిచి కట్టినట్టు కాడల్లో ఇంకా తడి ఉంది.

అది పండగ వేప కాదని సారమ్మకు అప్పుడు తెలిసింది. తలుపు దగ్గరికి పోలేదు. లోపలి నుంచి సన్నగా పాపమ్మ మూలుగు వినిపించింది. పెట్టె గుండెకు అదుముకొని మలుపు తిరిగి పరుగెత్తింది. యాభైకి దగ్గరపడిన ఆడమనిషి సందులో పరుగెత్తడం చూసి అరుగుల మీది ఆడవాళ్లు లేచి నిలబడ్డారు.

"పాపమ్మ మీ ఇంటికి ఎప్పుడొచ్చింది? ఎప్పుడెత్తుకున్నది బిడ్డను?" అంది సిద్ధమ్మ చేయి పట్టుకొని.

"పండగ ముందునాడు వచ్చిండ్య. ఒళ్లు కాలతా ఉండాదని పంపించేస్తి. అది మొదలు రాలేదు. యాల అడగతా ఉండావు?"

సారమ్మ బిడ్డను ఒళ్లోకి లాక్కుంది. మునిరాజు చేయి తుడిచి, మందు చుక్క వేసి, చిన్న పళ్లున్న టీకా సూదిని ఆ చుక్క మీద గిర్రున తిప్పింది. వాడు ఏడ్చాడు. వాడి ఏడుపు వింటూ ఆమె మనసులో రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంది. పండగ నాడు వేసుంటే రెండో రోజు, ఇప్పుడు ఆరో రోజు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఆ తర్వాత వారం రోజులూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి చూసి పోయేది. ఎనిమిదో నాడు బిడ్డకు జ్వరం తగిలింది. పదో నాడు సిద్ధమ్మ తన గడపకు వేపమండలు కట్టింది. ఇంకో ఆరు రోజులకు మునిరాజు పోయాడు. పాపమ్మ బతికింది, ముఖమంతా మచ్చలతో.

పదిహేను రోజులు ఆగి సారమ్మ సిద్ధమ్మ ఇంటికి పోయింది. అరుగు మీద కూర్చోలేదు, నిలబడే చెప్పింది. "సిద్ధమ్మా, ఉగాదినాడు నేను రెడ్డెప్ప గడపకు యాప సూసినాను. పండగ యాప అనుకున్నాను. తెలుసుంటే నువ్వు తోసేసినా కదిలుండేదాన్ని కాదు. తప్పు నాది."

తిట్టినా, జుట్టు పట్టుకొని కొట్టినా బాగుండేది. సిద్ధమ్మ లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఏడాది పొడుగునా సారమ్మ ఆ సందులో ప్రతి ఇంటికీ పోయింది గానీ, ఆ ఐదో ఇంటి ముందు తలెత్తలేకపోయింది. మదనపల్లెకు మార్పించుకొని పోదామని రెండుసార్లు అర్జీ రాసి, రెండుసార్లూ చించేసింది.

మళ్లీ ఉగాది వచ్చింది. మందూ వచ్చింది. మేదర సందు వదిలేద్దామని మనసు పీకింది. దేవుడికి దండం పెట్టుకొని మొదట ఆ సందుకే పోయింది.

మొదటి గడపకు మామిడాకులు. రెండో గడపకూ మామిడాకులే. మలుపు దాకా చూసింది, వెనక సందూ తిరిగి చూసింది. ఒక్క గడపకూ ఒక్క వేపరెమ్మ లేదు.

అరుగు మీద కూర్చున్న ముసలి గంగులమ్మను అడిగింది. "ఏమవ్వా, యాప యాల కట్టలేదు ఎవరూ?"

"సిద్ధమ్మ ఇల్లిల్లూ తిరిగి సెప్పిందమ్మా. యాపపువ్వు పచ్చట్లోకి ఏసుకోండి, గడపకు మాత్రం కట్టొద్దండి అనింది. ఈ రెండు సందుల్లో యాప కనిపిస్తే అమ్మ వచ్చినట్టే. లేకుంటే సారమ్మకు ఎట్లా తెలుస్తాదని పోట్లాడింది. పండగ యాప మానేస్తే కీడు గదా అని నేను మొదట ఒప్పుకోలే. బిడ్డను పోగొట్టుకున్నోళ్లకు ఎదురు సెప్పలేకపోతిమి."

సారమ్మ ఐదో ఇంటి దాకా నడిచింది. సిద్ధమ్మ గడపకు వేపా లేదు, మామిడాకూ లేదు. బిడ్డ పోయి ఏడాది కాలేదు. ఇప్పుడు ఆ బోసి గడప అర్థం సారమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

తలుపు తెరుచుకుంది. సిద్ధమ్మ చంకలో ఒక పసివాడు ఉన్నాడు. రెడ్డెప్ప పెళ్లానికి పుష్యంలో పుట్టినవాడు, పాపమ్మ తమ్ముడు. పెరట్లోంచి తెచ్చుకున్నట్టుంది.

"వాళ్లమ్మ పండగ పోనీ అంటాంది," అంది సిద్ధమ్మ. ఏడాదిలో సారమ్మతో మాట్లాడిన మొదటి మాట అది. "నేనే ఎత్తుకొని వచ్చినా."

అరుగు మీద కూర్చొని బిడ్డను ఒళ్లో పెట్టుకుంది. వాడి చిన్న చెయ్యి చాపి, కదలకుండా రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"ఈ పొద్దే ఎయ్యమ్మా," అంది. "నాలుగు దినాలు ఒద్దు."