శుక్రవారం కూటంలో నేను చేసిన ప్రార్థన

తొమ్మిదేళ్ళుగా ఒక తప్పును లోపల పెట్టుకొని తిరుగుతున్నాను. దాచిన తప్పు అంటే మీరు ఏ చాటుమాటు పనో అనుకుంటారు. కాదు. పట్టపగలు, మా ఇంట్లోనే, పదమూడు మంది ఆడవాళ్ళ మధ్య బిగ్గరగా చేశాను. ప్రార్థనలో చేశాను. విన్నవాళ్ళంతా చివర్లో ఆమేన్ అన్నారు కూడా. అందరికీ తెలిసిన ఆ పనిలో ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఉండిపోయింది. అది మీకు చెప్పాలని కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. ముఖం తెలిసినవాళ్ళ దగ్గర నాకు అంత ధైర్యం లేదు.

మాది మెట్టుగూడ. ఒక డిస్పెన్సరీలో ఇరవై ఎనిమిదేళ్ళు మందులిచ్చే కిటికీ దగ్గర పనిచేసి రిటైరయ్యాను. ఏ మాత్ర పొద్దున వేసుకోవాలి, ఏది అన్నం తిన్నాక, ఏది డాక్టరు చెప్పకుండా ఆపకూడదు, ఇవన్నీ చెప్పి చెప్పి నోరు అరిగిపోయింది. ఆదివారాలు మాత్రం నాది వేరే లోకం. మా సంఘంలో సండే స్కూలు పదహారేళ్ళు నా చేతిలోనే ఉంది. నేను గొంతు సవరిస్తే చాలు, పిల్లలు చేతులు కట్టుకొని కూర్చునేవారు. దాన్ని నేను భక్తి అనుకున్నాను. భయం అని తెలుసుకోవడానికి సుగుణ రావాల్సి వచ్చింది.

సుగుణ నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నది. భర్త రైల్వేలో టెక్నీషియన్. ఆరేళ్ళ కూతురు. ఒక ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ టీచరు. మా దగ్గర పాఠం చెప్పడానికి వచ్చిన మొదటి వారమే కుర్చీలన్నీ కలిపి ఓడ కట్టించి పిల్లల్ని అందులో ఎక్కించింది. గోల గోల. పై గదిలో పెద్దల ఆరాధన జరుగుతుంటే కింద నుంచి నవ్వులు. నాకు ఒళ్ళు మండింది. పాస్టరు గారికి మాత్రం ముచ్చటేసింది. ఏడాది తిరిగేసరికి సండే స్కూలు ఆమెకు అప్పగించి నన్ను సలహాదారుగా ఉండమన్నారు. సలహాదారు అంటే ఎవరూ సలహా అడగని మనిషి అని ఆ తర్వాత అర్థమైంది.

ఆమె చెడ్డది అయి ఉంటే నా పని సులువయ్యేది. చర్చి ఊడ్చే ముసలామెకు జ్వరం వస్తే సుగుణ తెల్లారే వచ్చి ఊడ్చిపోయేది, ఎవరికీ చెప్పేది కాదు. నన్ను పక్కకు నెట్టి తను ఆ కుర్చీలో కూర్చుందని కూడా అనలేను. ప్రతి వారం పాఠం రాసుకొని వచ్చి, "అక్కా, జెర చూసి చెప్పవా" అని అడిగేది. అడిగిన ప్రతిసారీ నాకు ఇంకాస్త కోపం వచ్చేది. ఎందుకు? ఆమెలో వంక దొరకనందుకా? ఈ ప్రశ్న నాకు నేనే చాలాసార్లు వేసుకున్నాను. అసూయ అనే మాట నోటికి రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

ఒక ఆదివారం మా ఇంటికొచ్చి మంచినీళ్ళు అడిగి, సంచిలోంచి ఒక మాత్ర తీసి వేసుకుంది. ఆ పట్టీ చూడగానే నాకు తెలిసిపోయింది అది దేనికో. ఇరవై ఎనిమిదేళ్ళు ఇచ్చిన చేతులు ఇవి. నేను అడగకపోయినా ఆమే చెప్పింది. మూడేళ్ళ కింద రెండో బిడ్డ పుట్టిన పదో రోజున పోయిందట. ఆ తర్వాత లేచి తల దువ్వుకోవడానికి కూడా మనసు రాని రోజులు. డాక్టరు రాసిన మాత్రలతో మళ్ళీ మనుషుల్లో పడింది. అత్తగారికి తెలియదు, బడిలో తెలియదు, సంఘంలో అసలే తెలియదు. తన కోసం ప్రార్థన చెయ్యమని, ఎవరికీ చెప్పొద్దని నా రెండు చేతులూ పట్టుకొని అడిగింది. సరేనన్నాను. అప్పటికి నిజంగానే సరేనన్నాను.

ఇక్కడ మా కూటం సంగతి కొంచెం చెప్పాలి. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఎవరో ఒకరి ఇంట్లో ఆడవాళ్ళం కూడుకుంటాం. ముందు ఎవరి మనవులు వాళ్ళు చెప్పుకోవడం. తర్వాత కొంగు తలమీద కప్పుకొని కళ్ళు మూసుకొని ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేయడం. ఒకరు ఒక్కో మాట అంటుంటే మిగతావాళ్ళు "స్తోత్రం" అంటుంటారు. తర్వాత టీ, మిక్చరు. ఒకరి గుట్టు ఇంకొకరికి చెప్పడం మాలో తప్పే. కానీ దేవుడికి చెప్పడం తప్పెలా అవుతుంది? ఆయనకు బిగ్గరగా చెబితే పక్కవాళ్ళు వింటారు, అంతే. ఈ వెసులుబాటు మాకందరికీ తెలుసు. ఎవరింట్లో గొడవలున్నాయో, ఎవరి కొడుకు మాట వినడం లేదో నేను సగం ప్రార్థనల్లోనే తెలుసుకున్నాను. తెలిసి తెలిసి ఎవరమూ దాన్ని చాడీ అనలేదు.

నవంబరు చివర్లో కూటం మా ఇంట్లో పెట్టారు. క్రిస్మస్ పాటలు నేర్పించడానికి సుగుణ పిల్లల దగ్గరికి వెళ్ళింది, ఆ రోజు రాదు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. పొద్దున చిక్కుడుకాయలు తుంచుతూ ఆ మాటలు ఒక్కొక్కటే పేర్చుకున్నాను. ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ గొంతు వణకాలి. నా వంతు వచ్చింది.

"ప్రభువా, మా చెల్లెలు సుగుణను జ్ఞాపకం చేసుకొనుము. మూడేళ్ళుగా ఆమె మనసుకు పట్టిన రోగము నుండి, ఆ మందుల బంధకము నుండి విడుదల దయచేయుము తండ్రీ. మా పసిపిల్లలు ఆమె చేతిలో ఉన్నారు ప్రభువా."

అని కళ్ళు తెరిచాను. ఎదురుగా పాస్టరమ్మ గారు. మూసిన కళ్ళు ఇంకా గట్టిగా బిగించారు. ఎవరూ స్తోత్రం అనలేదు. కాసేపటికి మూల నుంచి ఎవరో "అయ్యో, యేసయ్యా" అన్నారు. నాకు కావలసింది దొరికింది. మళ్ళీ కళ్ళు మూసుకొని ప్రార్థన ముగించాను.

అక్క ప్రేమ కొద్దీ నోరు జారింది అనుకున్నారు అందరూ. ఇప్పటికీ అదే అనుకుంటున్నారు. నా నోరు జారలేదు. ఆ నోటికి పొద్దున్నే పాఠం నేర్పి ఉంచాను.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను, సాగదీయడానికి మనసొప్పడం లేదు. మరుసటి ఆదివారం ముగ్గురు తల్లులు పిల్లల్ని తమ పక్కనే కూర్చోబెట్టుకున్నారు. సుగుణను కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నారు. మళ్ళీ నేనే సండే స్కూలుకు వెళ్ళాను. పిల్లలు చేతులు కట్టుకున్నారు. ఆమె ఇంటికి ఉపవాస ప్రార్థనకు వెళ్ళినవాళ్ళలో ఒకరు ఒప్పుకోని పాపమేదైనా ఉందేమో చూసుకోమన్నారు. ఇంకొకరు విశ్వాసం ఉన్న ఇంట్లో ఆ మాత్రలెందుకన్నారు. బీపీకి ఒకటి, షుగరుకు రెండు మాత్రలు రోజూ మింగే నేను ఆ మాట అక్కడే కూర్చొని విన్నాను. నా విశ్వాసం సంగతి ఎవరూ అడగలేదు.

క్రిస్మస్ ముందు ఆదివారం సాక్ష్యాల సమయంలో సుగుణ లేచి నిలబడింది. మందులు పూర్తిగా మానేశానని, దేవుడే తన వైద్యుడని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ గదిలో ఆ మాత్రలు అట్లా ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. బయటికి వచ్చాక చెవిలో ఒక్క మాట చెబితే సరిపోయేది. అసలు తప్పు ప్రార్థనా, ఈ చప్పట్లా? రెండింటినీ తూచి చూసుకుంటూనే ఉంటాను. ఒక్కోసారి చప్పట్లే బరువుగా తేలతాయి.

జనవరిలో ఒక మధ్యాహ్నం సుగుణ బడి నుంచి చెప్పుల్లేకుండా బయటికి నడిచి వెళ్ళిపోయింది. సాయంత్రానికి మల్కాజ్‌గిరి స్టేషన్‌లో బెంచీ మీద దొరికింది. పేరడిగితే చెప్పలేకపోయింది. రెండు నెలలు ఆసుపత్రి. బడి ఉద్యోగం పోయింది. కూతురు నాయనమ్మ దగ్గర ఉండి, అమ్మ తిరిగొచ్చాక చాలా రోజులు ఆమె దగ్గరికి పోలేదట.

మా సంఘమంతా ఒకటే మాట. ఇంత మంచి మనిషికి ఇట్లా ఎందుకు జరిగింది? పాస్టరు గారు దాని మీద రెండు ప్రసంగాలు చేశారు. ఆడవాళ్ళు ఏడ్చి ఏడ్చి దేవుణ్ణి అడిగారు. నేను వాళ్ళ మధ్య కొంగు కప్పుకొని కూర్చున్నాను.

ఆసుపత్రికి బత్తాయిలు తీసుకొని వెళ్ళాను. అప్పటికి కొంచెం తేరుకుంది. వరండాలో కూర్చున్నాం.

"అక్కా, ఒక్కటి అడుగుత. నిజం చెప్తవా?"

"అడుగు."

"నేనేం తప్పు చేసిన? బిడ్డను తీస్కపోయిండు, ఊకున్న. మళ్ళ గిదేంది? దేవుడు నన్నే ఎందుకు గిట్ల చేస్తుండు?"

అసలు సంగతి నోటి దాకా వచ్చింది. నిజంగా వచ్చింది. గుటకేసి మింగేశాను. సువార్తలో పుట్టుగుడ్డివాడి సంగతి ఉంది కదా, ఎవరి పాపం వల్ల ఇట్లా పుట్టాడని శిష్యులు అడిగితే యేసు ఇచ్చిన జవాబు, అది అందుకున్నాను.

"నీ తప్పు గాదమ్మా. మీ అమ్మనాయన తప్పు గాదు. దేవుని పని నీల కనబడాలని."

సుగుణ ఆ మాటను నెమ్మదిగా తనలో తాను చెప్పుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు నా కోసం అందరి ముంగట ప్రేయర్ చేసినవంట. కొందరు నీ మీద గుస్సా చెయ్యమన్నరు. నాకు గుస్సా లేదక్కా. నా మీద ప్రేమతోనే చేసినవ్ గదా."

నేను బత్తాయి వలిచి ఆమె చేతిలో పెట్టాను.

నేను చెప్పిన వాక్యం అబద్ధం కాదు. నీ తప్పు కాదన్నది పూర్తిగా నిజం. కానీ ఆ నిజం వెనక నక్కి కూర్చున్నాను. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు బత్తాయి వలుస్తూ పక్కనే కూర్చొని ఉంటే, దేవుడి పేరు చెప్పి తప్పించుకున్నాను. పసిబిడ్డ పదో రోజున ఎందుకు పోయిందో నాకు తెలియదు. తెలుసని చెప్పేవాళ్ళను నేను నమ్మను. లోకంలో జవాబు లేని బాధ ఉంది, దాని ముందు నోరు మూసుకొని పక్కన కూర్చోవడమే మనం చేయగలిగేది. కానీ అన్ని బాధలూ అటువంటివి కావు. కొన్నింటికి పేరు ఉంటుంది, ఇంటి నంబరు ఉంటుంది. ఎందుకు ప్రభువా అని అందరం పైకే చూస్తాం. పక్కకు చూస్తే నేను కనబడి ఉండేదాన్ని.

ఇన్నేళ్ళలో దేవుడు ఒక్కసారీ నా మీద తిరగబడి ఇది నా పని కాదు అనలేదు. తాను చేయని దానికి నింద పడి నోరు మెదపకుండా నిలబడటం ఆయనకు కొత్త కాదు కదా, ఆ సిలువే సాక్ష్యం. మొదట్లో ఈ ఆలోచన నాకు హాయిగా ఉండేది. స్టేషన్‌లో కూలీ నెత్తి మీదికి సామాను ఎత్తించి చేతులు ఊపుకుంటూ నడిచినట్టు నడిచాను. తర్వాత ఒక ఆదివారం ప్రభు బల్ల దగ్గర, ఆయన శరీరానికి గుర్తుగా ఇచ్చే రొట్టె అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయన మంచివాడు. బాధపడ్డ మంచివాడు. ఆయన మీద ఇంకో నేరం మోపినవాళ్ళలో నేనూ ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సుగుణ ఇప్పుడు బాగుంది. మల్కాజ్‌గిరిలో ఉంటుంది. మాత్రలు అందరి ముందే వేసుకుంటుంది. సండే స్కూలుకు మాత్రం మళ్ళీ రాలేదు, ఎవరూ పిలవనూ లేదు. బస్సెక్కి మా చర్చికే వస్తుంది. కష్టంలో ఉన్నవాళ్ళ పక్కన చేరి, నేను వరండాలో చెప్పిన మాటే చెబుతుంది. పోయిన నెల భర్త చనిపోయిన ఒక చిన్న వయసామెకు చెబుతుంటే విన్నాను. "మా అక్క చెప్పింది ఈ మాట. గీ మాటతోనే బతికిన." అంటూ నన్ను చూపించింది. నేను చల్లగా జారుకున్నాను.

నిజం చెబితే ఆమె పట్టుకొని నిలబడ్డ మాట చేతిలోంచి లాక్కున్నట్టు అవుతుందేమో. ఇన్నాళ్ళూ చెప్పకపోవడానికి నాకు నేను చెప్పుకున్న కారణం ఇదే. మంచి కారణమే. నా పిరికితనానికి సరిగ్గా సరిపోయే కారణం కూడా. ఇందులో దయ ఎంత, భయం ఎంత? దయ చాలా తక్కువని నా అనుమానం.

మొన్న పాస్టరమ్మ గారు ఫోన్ చేశారు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలం కూటాల్లో ఒక రోజు నన్ను మాట్లాడమన్నారు. మంచివాళ్ళకు కష్టాలెందుకు అనేది అంశం. పెద్దదాన్ని, సుగుణను ఆదరించినదాన్ని, నాకన్నా ఎవరు బాగా చెబుతారట. సరేనని నోట్సు రాసుకోవడానికి కూర్చున్నాను. వాక్యం ఒక్కటీ ముందుకు రాలేదు. బదులుగా ఇది వచ్చింది.

ఇది రాసినంత మాత్రాన నాకు క్షమాపణ దొరికిందని అనుకోవడం లేదు. నష్టపోయింది మీరు కాదు, క్షమించాల్సిందీ మీరు కాదు. ఆమెకు చెప్పే రోజు వస్తుందో రాదో కూడా నాకు తెలియదు. కానీ ఆ వరండాలో ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది, నిజం చెప్పమని అడిగింది. జవాబు కనీసం కాగితం మీదైనా ఒకసారి ఉండాలి. రాస్తుంటే ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది.

సుగుణా, నిన్ను ఆ బెంచీ దాకా నడిపించింది దేవుడు కాదమ్మా. నేను.