ద్వాదశి తీర్థం

విఘ్నములను మాన్పు దైవమునకును, పలుకులకు తల్లియైన దేవికిని మ్రొక్కి, క్రోధి నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి నాడు, బాతెల్ అను ఊరిలో మా అమ్మాయి ఇంట కూర్చుండి, ఈ నాలుగు మాటలు వ్రాయ మొదలిడుచున్నాను. మా ఇంటి ఆచారము ప్రకారము మూడవ మ్రొక్కు తులసికి చెల్లవలెను. దానిని ఇప్పటికి ఆపి ఉంచితిని.

ఉద్యోగకాలమంతా మేము మిషిగన్‌లోని నోవైలో గడిపాము. నా భార్య అక్కడ కార్ల కంపెనీలో ఇంజనీరు. నేను వారాంతాలలో పిల్లలకు పద్యాలు నేర్పుతూ, మిగతా దినాలలో ఆమె నడిపే కారులో పక్క సీటున కూర్చుంటూ కాలం వెళ్లబుచ్చాను. ఆ ఊరి చలికి ఏ ఏటి తులసీ మరుసటి ఏటికి దక్కేది కాదు. కుండీని ఇంట్లోకి తెచ్చి, హీటరు పక్కకు జరిపి, పైన దీపం అమర్చి ఎన్ని ఉపచారాలు చేసినా పుష్యమాసం నాటికి కాడ నల్లబడేది. ఆ ఎండుపుల్లకే ప్రదక్షిణం చేస్తూ ఆమె ఏటేటా ఒకే మాట అనేది.

"రిటైరయ్యాక తులసి నేలలో బతికే చోటికి పోదామండీ. మంచు తవ్వే ఓపిక నాకు పోయింది. మీకు ఎప్పుడూ లేదనుకోండి."

ఆ మాట ప్రకారమే హవాయి పెద్ద దీవికి, దాని తూర్పు ఒడ్డుకు వచ్చి చేరాము. అక్కడ వాన పడని దినం అరుదు. నేల అంటే మట్టి కాదు, చల్లారిన నల్లని లావా. బస్తాలతో మట్టి కొని తెచ్చి రాళ్ల నడుమ పోసి, ఆమె తులసిని నాటింది. ఏడాది తిరిగేసరికి అది నా రొమ్మెత్తున గుబురుకట్టింది. నా నిఘంటువుల అట్టలు మాత్రం ఆ తేమకు బూజుపట్టి, విప్పితే పొరలుగా ఊడిపోయేవి.

"చూశారా? మీ పుస్తకాలకంటే నా చెట్టుకే ఆరోగ్యం బాగుంది" అని నవ్వేది.

దగ్గరలో తెలుగు ఇల్లు లేదు. పొద్దుగూకితే చెట్లలోని చిరుకప్పలు ఒకదానికొకటి బదులు పలుకుతూ చెవులు చిల్లులు పడేలా అరిచేవి. తెల్లవారితే నేను పూజకు ఆకు కోసేవాణ్ణి, ఎందుకంటే మా వంశంలో స్త్రీలు తులసిని కోయరు. ఆమె తీర్థం పుచ్చుకుని కాఫీ కలిపేది. మా జీవితం ఇంతే. ఇది చాలునని ఇద్దరికీ తెలుసు.

ద్వాదశి నాడు తులసి కోయరాదన్నది మరొక నియమం. అందుచేత ఏకాదశి సాయంకాలమే ఆకులు కోసి, రాగి పంచపాత్రలో నీళ్లు పోసి, అందులో వేసి వసారాలో ఉంచుతాము. దళానికి గాలి ఆడాలని ఆమె దానికి మూత పెట్టనిచ్చేది కాదు. కార్తిక శుద్ధ ఏకాదశికి ఆమె ఎప్పటివలె కటిక ఉపవాసం ఉంది. చక్కెర వ్యాధికి మాత్రలు మింగేవాణ్ణి కాబట్టి నాకు ఉపవాసం లేదు. మర్నాడు క్షీరాబ్ది ద్వాదశి. తెల్లవారగానే స్నానం చేసి వచ్చి, ఆమె ఆ పాత్రలోని తీర్థంతో పారణ చేసింది. తులసిని పంటితో కొరకరాదు గనుక ఆకులను ఆకులుగానే మింగింది. నేను ఉద్ధరిణెడు పుచ్చుకున్నాను. సాయంకాలం చెట్టు మొదట ఉసిరికొమ్మ నాటి, దీపాలు వెలిగించాము. ఆ సంవత్సరం పూజ బాగా జరిగిందని ఆమె అన్నది.

కార్తిక బహుళంలో ఆమెకు తలనొప్పి మొదలైంది. తరువాత మెడ బిగుసుకుంది. ఆపైన చర్మం మండసాగింది. చీర అంచు మోకాలికి తగిలినా నిప్పు తగిలినట్టు అరిచేది. ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు ఆ దీవిలో ఉన్న ఒక జబ్బు సంగతి చెప్పాడు. ఎలుకల ఊపిరితిత్తులలో పెరిగే సన్నని పురుగు నత్తలలోకి చేరుతుంది. ఆ నత్తలు పాకిన ఆకును పచ్చిగా తిన్నవారి మెదడుకు ఎక్కుతుంది.

"పచ్చి ఆకులు ఏమైనా తిన్నారా? సలాడ్? తోటలో కోసిన కూరలు?"

అంత బాధలోనూ ఆమె నవ్వింది. "మా ఇంట్లో ఉడికించనిది ఏదీ నోట్లోకి పోదు డాక్టర్. మేమేమైనా మేకలమా?"

నన్ను కూడా అడిగాడు. లేదన్నాను. ఆమె అబద్ధమాడలేదు, నేనూ ఆడలేదు. ఉపవాసాన్ని సైతం భంగపరచనిది తీర్థం. దానిని తిండిలో జమకట్టాలని పుట్టి బుద్ధెరిగినప్పటి నుండి ఎవరూ మాకు చెప్పలేదు. డాక్టరు ఇది మరేదో జ్వరమని తలచి నొప్పికి మందులిచ్చి ఇంటికి పంపాడు.

ఆమెకు ఒక వస్తువు రెండుగా కనబడసాగేసరికి మళ్లీ ఆసుపత్రిలో చేర్చాను. బాతెల్ నుండి మా అమ్మాయి విమానంలో వచ్చింది. మర్నాటి ఉదయం ఇంట్లో పూజ ముగించి, ఎప్పటివలెనే అమ్మాయి అరచేతిలో తీర్థం పోయబోయాను. చేయి వెనక్కు తీసుకుంది.

"నాన్నా, వెయిట్. ఈ ఆకులు వాష్ చేశావా?"

"తులసిని కడగడమేమిటమ్మా? మనల్ని శుద్ధి చేసేది అది."

"సో, ఇది పచ్చిదే కదా. అమ్మ డైలీ ఇది తీసుకుంటుందా?"

"తీర్థం పుచ్చుకోకుండా ఏనాడు కాఫీ తాగింది గనుక?"

అమ్మాయి వసారా దాటి చెట్టు దగ్గరికి పోయింది. నేను వెంట వెళ్లాను. తులసి ఆకుల మీద సన్నని వెండిగీతలు అడ్డదిడ్డంగా మెరుస్తున్నాయి. ఒక ఆకు అడుగున గోటికొనంత నత్తపిల్ల ఉంది. అమ్మాయి దానిని ముట్టలేదు.

"డాక్టర్ అడిగితే నో అన్నారు మీరిద్దరూ."

"అది తినడం కాదు కదమ్మా" అన్నాను. అమ్మాయి లోపలికి పోయి కారు తాళాలు తీసుకుంది.

వెన్ను నీరు తీసి పరీక్షించారు. పురుగే అని తేలింది. మందులు మారాయి. ముందే మొదలుపెట్టి ఉంటే మేలు జరిగేదా అని అమ్మాయి అడిగింది. జరిగి ఉండవచ్చు, చెప్పలేను అన్నాడు డాక్టరు. కారణం నా భార్యకు నేనే చెప్పాను. కళ్లు మూసుకునే విని, అన్నది.

"చెట్టుదేం తప్పు? పీకించకండి."

ఆమెను ముట్టుకునే వీలు లేదు. వేలు తగిలినా విలవిలలాడేది. అరచేయి చాచి, ఆమె చేతికి తగలకుండా పైన గాలిలో ఉంచి కూర్చునేవాణ్ణి. మార్గశిర మాసం దాదాపు అంతా అలాగే గడిచింది. మాట స్పష్టంగా ఉన్న చివరి దినాలలో ఒకసారి నన్ను పిలిచింది.

"ఏమండీ, భయపడి నాకు ఆఖర్న ఒట్టి నీళ్లు పోస్తారేమో. తులసి లేకుండా పంపించారంటే వచ్చే జన్మలో మీకు కాఫీ పెట్టను, చెప్తున్నా."

"అమ్మా, ప్లీజ్, అలా మాట్లాడకు" అన్నది అమ్మాయి.

"నీకు కాదే చెప్పింది. ఆయనకి."

తరువాత మాట పోయింది. మార్గశిర బహుళ ద్వాదశి ఉదయం డాక్టరు మమ్మల్ని బయటకు పిలిచి, ఇక గంటల మాట అన్నాడు. నేను లోపలికి వచ్చి, ఇంటి నుండి వెంట తెచ్చిన పంచపాత్ర తీశాను. అందులో నీళ్లున్నాయి గాని ఆకు లేదు. నిన్న ఏకాదశి అన్న సంగతి ఆ గదిలో నాకు తోచనేలేదు.

అమ్మాయి ఎక్కడికని చెప్పకుండా వెళ్లి, కాగితపు కప్పులో తులసి ఆకులు పట్టుకుని వచ్చింది. ద్వాదశి నాడు, ఆడపిల్ల, తన చేతులతో కోసి తెచ్చింది. నేను కాదనలేదు. గదిలోని కుళాయి తిప్పి ఒక్కొక్క ఆకునూ ముందువైపూ వెనకవైపూ బొటనవేలితో రుద్ది, వెలుతురుకెత్తి చూసి, మళ్లీ కడిగింది. వాటిలో ఒకటి ఎంచి నా చేతిలోని పాత్రలో వేసింది.

"ఇచ్చెయ్ నాన్నా" అన్నది.

ఉద్ధరిణెతో పోశాను. కొంత చెంప మీదుగా కారిపోయింది. ఆకు పెదవి దాటి లోపలికి పోయింది. మింగిందో లేదో తెలియలేదు.

క్రోధి నామ సంవత్సర మార్గశిర బహుళ ద్వాదశి నాడు, మధ్యాహ్నం కాకముందే ఆమె పోయింది. ఈ వ్రాత ముగియకముందే, ఫాల్గుణ శుద్ధ దశమి నాడు, దీవిలోని ఇల్లు అమ్ముడుపోయింది. తులసిని పీకించలేదు.