మొదటి భాగం దొరికిన రోజు

నాకు అక్షరాలు నడివయసు దాటినంక వచ్చినయ్. నేర్పింది బడి కాదు, సూరత్‌ల బట్ట నేసే కార్ఖానల నా పక్క సాంచె నడిపే తమ్ముడు. సొంత తమ్ముడు కాదు, మా జిల్లావాడు. పాత బొమ్మల పుస్తకం ముందర పెట్టి, "అన్నా, రాజు ఏమంటున్నడో జల్ది సదువు. లేకుంటే పాపం నోరు తెరుసుకొనే ఉంటడు" అనేటోడు.

అప్పటినుంచి తెలుగు బొమ్మల పుస్తకాలు జమచేసుడు నాకు పట్టుకున్నది. మేముండే లింబాయత్‌ల పాత కాగితాలు కొనే దుకాణాలన్నీ తిరిగేది. హిందీవి, గుజరాతీవి కట్టలకు కట్టలు. ఎంత పాతదైనా ప్రతి దుకాణంల ఉన్నదంటే అది అరుదు కాదు. దానికోసం ఎగబడేటోడు పిచ్చోడు. తెలుగుది వేరే. ఇక్కడ ఎవరూ అమ్మరు. ఊరి నుంచి ఎవరో సంచిల ఏసుకొస్తేనే వస్తది, వచ్చినంక ఆ ఇంట్లనే ఉంటది. దుకాణంల కనబడలేదంటే లేదని కాదు, ఆ ఇంట్లోళ్లు ఇంకా ఉన్నరని. ఈ సంగతి నాకు ఎరికేనని అనుకున్న.

రెండు భాగాల పడవ కథ ఒకటుండె. రెండోది నా దగ్గర, మొదటిది తమ్ముని దగ్గర. ఎన్నిసార్లు అడిగినా ఇయ్యలే.

"నేను పోయినంక తీసుకో అన్నా."

"నువ్వెప్పుడు పోవాలె, నేనెప్పుడు సదవాలె?"

"అయితే నీదే నాకియ్యి. ముసలోనివి, నువ్వే ముందు పోతవ్ గద!"

సాంచెల మోతల అరుసుకుంట నవ్వుకునేటోళ్లం.

కరోనా మొదటిసారి వచ్చినప్పుడు ఊర్లకు పోయి మళ్లా వచ్చినం. రెండోసారి తమ్ముడు దగ్గుకుంటనే నవాగామ్‌ల కిరాయి ఖోలీకి తాళమేసి, భార్యతోని ఊరికి బయలెల్లిండు. తర్వాత ఫోన్ బందు. చేరిండా లేదా, ఉన్నడా లేడా, చెప్పేటోడు లేడు. రోజూ ఆ నంబరే కొట్టేది.

ఆ ఎండకాలమే దుకాణంల తెలుగు పుస్తకాల కుప్ప పడ్డది. అన్ని ఒక్కకాడ నేను జన్మల చూడలే. కిందనే కూసొని, మాస్కు గదవ కిందికి గుంజుకొని ఏరుడు పెట్టిన. సంబురమే అయింది, అబద్ధమెందుకు. నా తీరుగనే జమచేసే హైదరాబాదాయనకు ఫోన్ చేస్తే, "మాల్ బయటికొస్తున్నది, ఇగ అన్నీ దొరుకుతయ్" అన్నడు.

పడవ బొమ్మ చేతికొచ్చింది. మొదటి భాగం. ఈ ఊర్లె ఇంకొకటి కూడ ఉన్నదన్నమాట అనుకున్న. తిప్పి చూసిన. చిరిగిన వెన్ను నీలం పాలిస్టర్ పోగుతోని కుట్టి ఉన్నది. చివర్ల ముడి, పోగు తెగితే సాంచె మీద మేం ఏసేదే. అందరం ఏస్తం. తమ్ముడు ఎడమచెయ్యోడు, ముడి ఉల్టా పడేది. మేస్త్రి దానికే తిట్టేటోడు.

ఈ ముడి ఉల్టా ఉన్నది.

"ఇది ఎవరు తెచ్చిండ్రు?" పడవ పుస్తకం చూపెట్టి దుకాణదారుని హిందీల అడిగిన.

"నవాగామ్ మకాన్ మాలిక్. కిరాయికున్నోడు ఇగ రాడంట, ఖోలీ ఖాళీ చేసిండు."

"రాడని ఎవరు చెప్పిండ్రు?"

"వాని పెండ్లాం ఫోన్ చేసిందంట చాచా. తొవ్వలనే పోయిండంట."

ఏరిపెట్టుకున్నవన్నీ కుప్పలనే పెట్టిన. అవి ఇంకెవరి ఖోలీలవో అడుగలే. పడవ పుస్తకం ఒక్కటి సంకల పెట్టుకొని లేసిన.

హైదరాబాదాయన మళ్లా ఫోన్ చేసిండు. "పడవ మొదటి భాగం దొరికిందా?"

"లేదు" అన్న.

"జర ఆగు, వస్తది. ఇంకా చాన వస్తయ్" అన్నడు.