గూఢచారి నవలలో చిన్నబోయిన అక్షరాలు

అది 2022. కరోనా భయం తగ్గి, మూతపడిన షాపుల షట్టర్లు ఒక్కొక్కటిగా లేస్తున్న ఏడాది. ఏలూరు పాత బస్టాండు దగ్గర ఒక మేడ కింద గదిలో నాకు డీటీపీ సెంటరు ఉంది. చేత్తో రాసినదాన్ని కంప్యూటర్లో కొట్టి, అచ్చుకు వెళ్ళే పేజీగా తయారుచేసి ఇవ్వడం మా పని. ఇరవై ఏళ్ళు దాటింది ఇందులోకి వచ్చి. శుభలేఖలు, కోర్టు కాగితాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు ఎక్కువ. నవలలు ఎప్పుడో ఒకటి వస్తాయి.

ఆ వేసవిలో ఒక పెద్దాయన గుమ్మంలో నిలబడి, లోపల ఇంకెవరూ లేరని చూసుకుని అడిగారు.

“ఏవండీ, ఇక్కడ కొట్టించింది బయటికి పొక్కదు కదండీ?”

“ఎవరి కాగితాలు వాళ్ళకే ఇస్తామండీ. రండి, కూర్చోండి.”

ఆయన సంచిలోంచి రెండు పొడుగు నోటుపుస్తకాలు తీసి బల్ల మీద పెట్టారు. “గూఢచారి నవలండి. అణుబాంబు తయారుచేసే సైంటిస్టుల కథ.”

పేరు సూర్యనారాయణ గారు. ఉండేది తాడేపల్లిగూడెం. అక్కడా డీటీపీ సెంటర్లున్నాయి కదా అంటే, “మా ఊళ్ళో అయితే సాయంత్రానికల్లా మార్కెట్ యార్డు దాకా తెలిసిపోద్దండి. ఈ వయసులో ఇదేం పిచ్చని నవ్వుతారు” అన్నారు. అందుకని ప్యాసింజరెక్కి ఏలూరు వచ్చేవారు.

ఆయన సైంటిస్టు కాదు. ఎక్కడో దూరాన ఒక అణు పరిశోధన కేంద్రం క్యాంటీన్లో వంటవాడిగా పనిచేసి రిటైరయ్యారు. “నేను చూసిందల్లా వాళ్ళు ఇడ్లీ తినడమేనండి. కొందరు తింటూ తింటూ ఆగిపోయి, చేతికందిన కాగితం మీద లెక్కలు వేసేవారు. ఆ కాగితం మేము పారేయడానికి లేదు. సెక్యూరిటీ వాళ్ళొచ్చి పట్టుకెళ్ళేవారు. అందులో ఏముందో అని రోజూ అనుకునేవాణ్ణి. ఆ ఆలోచనేనండి ఈ నవల.”

కథ బాగుంది. రాఘవ అనే సైంటిస్టు లెక్కల్ని తోటి సైంటిస్టే విదేశీయులకు అమ్మబోతాడు. రాఘవ ఆ లెక్కలతో పారిపోయి, కైకలూరు అవతల కొల్లేటి లంకలో చేపల చెరువుకి కాపలాదారుగా దాక్కుంటాడు. అతన్ని వెతుక్కుంటూ ఒక గూఢచారి రొయ్యల మేత అమ్మేవాడి వేషంలో చెరువు గట్లన్నీ తిరుగుతుంటాడు. నాలుగో అధ్యాయం వచ్చేసరికి నేను కొట్టడం మాని చదవడం మొదలుపెట్టాను. పదిహేను రోజులకో పుస్తకం వచ్చేది. ఆయన రావడం రెండు రోజులు ఆలస్యమైతే నాకు ఏమీ తోచేది కాదు.

మూడో పుస్తకం నుంచి నా పని నెమ్మదించింది. ఆయన రాత గుండ్రంగా, పెద్దగా ఉండేది. అది చిన్నదవుతోంది. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియడం లేదు. ఒత్తులు పై అక్షరంలో కలిసిపోతున్నాయి. ‘రాఘవ పడవ ఎక్కి లంకలోకి పారిపోయాడు’ అన్నదాన్ని నేను ‘పదవి ఎక్కి’ అని కొట్టాను. ప్రూఫులో, అంటే తప్పులు దిద్దడానికిచ్చే మొదటి ప్రింటులో, అది చూసి ఆయన పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. కాగితం పొదుపు చేస్తున్నారు కాబోలు అనుకున్నాను.

ఐదో పుస్తకానికి భూతద్దం తెచ్చుకున్నాను. అప్పుడు ఒక సంగతి గమనించాను. తొందరలో రాసేవాళ్ళ అక్షరం విడిపోయి సాగుతుంది. చెయ్యి వణికేవాళ్ళ గీత వంకరపోతుంది. ఇది ఆ రెండూ కాదు. ప్రతి లైనూ మామూలు సైజులో మొదలై, చివరికి వచ్చేసరికి ఆవగింజలంత అవుతోంది. కింది లైను మళ్ళీ కొంచెం పెద్దగా మొదలై, మళ్ళీ అలాగే కుంచించుకుపోతోంది. ఇన్నేళ్ళలో అలాంటి రాత నా చేతికి రాలేదు.

అయినా నోరు విప్పలేదు. ఒకసారి ఒక కవిగారికి మాట తప్పుగా పడిందని చెబితే, “మీ పని కొట్టడం, దిద్దడం కాదు” అన్నారు. అప్పటి నుంచి పార్టీల, అంటే పని ఇచ్చేవాళ్ళ, రాత గురించి మాట్లాడకూడదని నియమం పెట్టుకున్నాను. ఆ నియమంతోనే రెండు నెలలు గడిపేశాను.

ఆరో పుస్తకం చాలా ఆలస్యంగా వచ్చింది, అదీ పలచగా ఉంది. పది పేజీలే రాశారు. అందులో రాఘవ, అతని తోటి సైంటిస్టు, గూఢచారి ముగ్గురూ ఒకే తుపానులో పడవ తిరగబడి చచ్చిపోయారు. సమాప్తం.

ఆయన ప్రూఫు కోసం వచ్చినప్పుడు ఉండబట్టలేక అడిగేశాను. “ఇదేంటండీ బాబాయి గారూ, అందర్నీ ఇలా చంపేశారు?”

“అయిపోయిందమ్మా కథ.”

“అవలేదండీ. రాఘవ కూతురు కైకలూరు బస్సెక్కిందని రాశారు. ఆ పిల్ల ఏమైంది?”

మొదటి పుస్తకం, ఆరో పుస్తకం తెరిచి పక్కపక్కన పెట్టాను. “కోప్పడకండి. మీ అక్షరాలు చూడండి. ఎందుకిలా చిన్నబోతున్నాయి?”

ఆయన వాటి వైపు చూసి, కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నారు.

“పెద్దగా రాద్దామనే మొదలెడతానమ్మా. చెయ్యి మాట వినడం లేదు. చొక్కా గుండీలు పెట్టుకోడానికి అరగంట పడుతోంది. మా ఆవిడకి చెప్పలేదు. అంతకాలం ఆ బాంబుల వాళ్ళ మధ్య తిరిగాను కదా, ఆ రేడియేషనే ఒంట్లోకి చేరిందేమో. డాక్టరు ఆ మాట నోటితో అనేస్తే ఇక ఏం చేస్తాను? చెయ్యి పూర్తిగా పడిపోయేలోగా కథైనా ముగిద్దామని...”

ఒక్కరే ఇన్నాళ్ళూ ఆ భయాన్ని మోసుకుంటూ రైల్లో వస్తూ పోతూ ఉన్నారన్నమాట.

“రేపు పిన్నిగారిని తీసుకుని రండి. ఏలూర్లోనే నరాల డాక్టరు గారున్నారు.”

“మీరూ వస్తారా అమ్మా? అక్షరం ఎక్కడి నుంచి తగ్గిందో మీరైతే చెప్పగలరు.”

మర్నాడు షాపు మూసి, ఆరు పుస్తకాలూ పట్టుకుని వాళ్ళతో వెళ్ళాను. డాక్టరు గారు ఆయన్ని అటూ ఇటూ నడిపించారు. నడిచేటప్పుడు కుడి చెయ్యి ఊగడం లేదని అప్పుడే నాకూ కనిపించింది. బొటనవేలితో చూపుడువేలిని గబగబా తట్టమన్నారు. తర్వాత ఒక వాక్యం రాయించారు. చివర్లో పుస్తకాలు వరసగా తిప్పి చూసి, పార్కిన్సన్స్ అనే జబ్బు మొదలవుతోందని చెప్పారు. కదలికల్ని నడిపించే రసాయనం మెదడులో తగ్గితే ఇలా అవుతుందట.

సూర్యనారాయణ గారు మెల్లిగా అడిగారు. “అక్కడ పనిచేసినందుకేనా అండీ?”

“అక్కడ ఏం పని చేసేవారు?”

“క్యాంటీన్లో వంటండి.”

“ఇడ్లీలు వేస్తే ఇది రాదండీ” అన్నారు డాక్టరు గారు నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపి, నిదానంగా చెప్పారు. “ఎక్కువమందికి వయసు మీద పడ్డాక వచ్చేదే. పూర్తిగా పోతుందని అబద్ధం చెప్పను. కానీ మందులు వేసుకుంటూ, వ్యాయామం చేస్తూ ఉంటే చాలాకాలం మీ పనులు మీరు చేసుకోవచ్చు. రాసుకోవచ్చు కూడా.”

బయట బెంచీ మీద కూర్చోగానే ఆయన మొహం కండువాలో దాచుకున్నారు. ఆయన భార్య వరలక్ష్మి గారు ఆయన వీపు మీద చెయ్యి వేసి నిమురుతూనే తిట్టారు. “బాంబులంట, గూఢచారులంట! ఇంట్లో నాకే చెప్పలేదు చూడమ్మా. గుండీలు పెట్టడానికి నేను లేనా?” ఆయన కళ్ళు తుడుచుకుని, “ఆకలేస్తోందే” అన్నారు. ముగ్గురం హోటలుకి వెళ్ళాం. ఆయన రెండు ప్లేట్లు తిన్నారు. చాలా రోజుల తర్వాత అలా తినడం చూశానని ఆవిడ నాతో చెప్పారు.

రెండు నెలలకు ఏడో పుస్తకం వచ్చింది. పాత గుండ్రని అక్షరాలు పూర్తిగా రాలేదు. లైను చివర ఇంకా కొంచెం తగ్గుతూనే ఉన్నాయి. కానీ భూతద్దం అక్కర్లేకుండా చదివాను. ఆరో పుస్తకంలోని ఆ పది పేజీలూ తీసేసి, కథ మళ్ళీ ఎత్తుకున్నారు. తుపానులో పడవ తిరగబడలేదు. కూతురు లంక చేరింది. మేత అమ్మేవాణ్ణి చెరువు కూలీలే పట్టిచ్చారు. రాఘవ తన లెక్కల కాగితాల్ని గట్టు మీద తగలబెట్టి ఇంటికి వెళ్ళాడు. పుస్తకం అచ్చయ్యాక గూడెంలో మార్కెట్ యార్డు వాళ్ళే ఆయనకి శాలువా కప్పారు. ఎవరూ నవ్వలేదు.

ఇప్పటికీ ఆయన మందులు వాడుతూనే ఉన్నారు. కొన్ని రోజులు బాగుంటాయి, కొన్ని ఉండవు. కథలు మాత్రం ఆగలేదు.

ఆ సంగతి తర్వాత నా నియమం మార్చుకున్నాను. ఎవరేం రాశారన్నది ఇప్పటికీ నాకు అనవసరం. తెలిసిన చేతిరాత మారితే మాత్రం, “ఒంట్లో ఎలా ఉందండీ?” అని అడుగుతున్నాను. మొన్నొక లెక్చరర్ గారు నవ్వి, పెన్ను మార్చానంతేనండి అన్నారు. అడిగినందుకు సిగ్గనిపించలేదు. సూర్యనారాయణ గారి దగ్గర నేను నోరు మూసుకుని కూర్చున్న రెండు నెలలు తలుచుకుంటేనే ఇప్పటికీ సిగ్గనిపిస్తుంది.