తొమ్మిదింటికి లేచే కోడలు

మా అత్తగారింట్లో నిద్రకు రెండు విలువలుండేవి. మామగారు హార్బరులో ముప్పై ఏళ్లు నైట్ డ్యూటీ చేసి రిటైరైన మనిషి. అలవాటు పోక ఇప్పటికీ రాత్రంతా మేలుకుని, పొద్దున పది దాకా పడుకుంటారు. అంతసేపూ ఇంట్లో మిక్సీ తిరగదు. నేనూ రాత్రి మూడింటి దాకా కంప్యూటర్ ముందు కూర్చుని, విదేశీ డాక్టర్లు చెప్పింది విని టైపు చేసే ఉద్యోగమే చేస్తాను. అయినా ఆయనది అలసట, నాది బద్ధకం.

"తొమ్మిదాయె. ఇంగా తూక్కమేనా? ఇట్ల పండుకుంటే ఇల్లు బాగుపడినట్టే" అని అత్తమ్మ తన అరవం కలిసిన తెలుగులో నా నిద్ర మీద మొదలుపెట్టేది. మామగారికి నిద్రాభంగం కాకుండా, నాకు మాత్రం వినపడేలా అనడం ఆమెకే చెల్లింది. నాకు ఒళ్లు మండేది. చదువుకునే రోజుల నుంచీ రాత్రి పది దాటితే గానీ నా బుర్ర పనిచేయదు. అదేమన్నా నేరమా?

పెళ్లయిన రెండో ఏడు, తిరువొత్తియూరులో వేరే ఇల్లు చూసుకుందామని మా ఆయనతో గట్టిగా చెప్పేశాను. అమ్మతో ఎలా అనాలో తెలియక ఆయన రెండు వారాలుగా నీళ్లు నములుతున్నాడు.

తొండియార్‌పేటలోని మా వీధిలో కోడలు ఎన్నింటికి లేచిందో వాకిలి చూసి చెప్పేస్తారు. తెల్లారేసరికి ముగ్గు పడకపోతే ఇంట్లో ఎవరికేమైందని అడుగుతారు. డ్యూటీ ఉండదు కాబట్టి ఆదివారాలు నేనే ముగ్గు పెట్టేదాన్ని. అత్తమ్మవి చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గులు. నాకవి రావు. మా నెల్లూరులో నేర్చుకున్న చిలకలు వేసేదాన్ని. మిగతా రోజుల్లో నేను లేచేసరికి బళ్లూ కాళ్లూ తొక్కి, వాకిట్లో తెల్లటి మరకలే మిగిలేవి.

ఒక సాయంత్రం కూరగాయల బండి దగ్గర ఎదురింటి పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"దినమూ అయిదింటికే లేస్తావంట గదా, మీ అత్త చెప్పింది. నీ చిలకలు చూసినాకే నేను కాపీ తాగేది. ఆదివారం మాత్రం తొందరేమో, ముక్కులు వంకరపోతాయి."

ఆ ముక్కు వంకర ఆదివారం చిలకలే నావి. మరి మిగతా రోజులవి ఎవరు వేస్తున్నట్టు?

మరునాడు పని అయ్యాక పడుకోలేదు. కిటికీ దగ్గర కూర్చున్నాను. అయిదు కాకముందే అత్తమ్మ వాకిలి కడిగింది. ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి, వంగి చుక్కలు పెట్టింది. చిలక తోక కుదరకపోతే తడిచేత్తో తుడిచి మళ్లీ వేసింది. అలవాటు చొప్పున చెయ్యి మెలిక వైపు పోతుంటే, ఆపుకుని గీతను నిదానంగా దిద్దింది.

బయటికెళ్లాను. "అత్తమ్మా, ఇదేంది? మీ ముగ్గు మీరేసుకోవచ్చు గదా."

ఆమె ఉలిక్కిపడింది. "నీకింకా నిదర రాలేదా?" అని ముందు కసిరింది. తర్వాత వీధి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నా మెలికలేస్తే కోడలు లేవలేదని ఈదంతా తెలీదా? నా కోడల్ని అనేదానికి వాళ్లెవురు? అనేదానికి నేనుండాను."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ముగ్గు గిన్నె అందుకోబోతే ఇవ్వలేదు.

"పో, పోయి పండుకో. కండ్లు చూడు ఎట్లుండాయో."

నేను కదల్లేదు. "మీరు కొత్తగా వచ్చినప్పుడు మీకెవరన్నా ఇట్లా వేశారా?" అని అడిగాను.

"నాకెవురేస్తారు? మీ మామ డ్యూటీ నించి వచ్చేలోపల వేన్నీళ్లు కాచాల. రేయంతా సగం నిదరే. ఒగనాడు ఈ చుక్కల మీదనే కూలబడి నిదరపోయినా. మా అత్త చెంబెడు నీళ్లు మొగాన కొట్టింది, ఈదంతా చూస్తా ఉంటే."

అని, మళ్లీ వంగి చిలక కన్ను పెట్టింది.

ఆ పొద్దున్నే మా ఆయన్ని లేపి, వేరే ఇంటి సంగతి అమ్మతో చెప్పొద్దన్నాను. ఇన్నాళ్లూ నా నిద్ర గురించే పోట్లాడాను. ఆ ఇంట్లో నిద్ర చాలని మనిషి ఇంకొకరున్నారని నాకు ఒక్కసారీ తోచలేదు.