కళ్ళు మూసుకున్న ఇరవై నిమిషాలు

పిల్లలూ, ఆ పొద్దున ఫోన్లో నేను అరిచిన అరుపు మీరు విన్నారు. బాపమ్మ అట్లా అరవగలదని మీకు తెలియదు. నాకూ తెలియదు. తర్వాత చిన్నోడు మీ అమ్మను అడిగాడట, "బాపమ్మకు దయ్యం పట్టిందా?" అని. పెద్దది ఏమీ అడగలేదు. నేను ఫోన్ చేసినప్పుడల్లా ఏదో పని ఉందని లేచిపోతోంది. అందుకే ఇది చెబుతున్నాను. ముఖ్యంగా పెద్దదానికి.

నేను మెత్తగా మాట్లాడే మనిషిని. మా అత్త నలుగురిలో "దీని నోట్లో నాలుక లేదు" అనేది, మెచ్చుకుంటున్నట్టే. ఈ గుజరాతీవాళ్ళ ఊళ్ళో, గోడాదరాలో, మా గల్లీలో మగ్గాల మోత ఎప్పుడూ ఉండేది. దాని మీద గెలవాలని అందరూ గొంతులు పెంచుకునేవారు. నేను పెంచలేదు. మీ తాతకు ముప్పై ఏళ్ళు ఆ మగ్గాల కార్ఖానాలో నిలబడి చెవులు మందగించాయి. మగ్గాల దగ్గర మాట వినపడదు కదా, అక్కడ అందరికీ సైగలే. అలవాటైపోయి మీ తాత ఇంట్లోనూ చేత్తోనే మాట్లాడతాడు. నీళ్ళకొక సైగ, టీకొక సైగ. చెయ్యి పైకెత్తి బొటనవేలూ చూపుడువేలూ కలిపి టక్కున విడదీస్తే, దారం తెగింది, మగ్గం ఆపు, ఇటు రా అని. ఆ సైగ చూస్తే కార్ఖానాలో ఎంత పనిలో ఉన్నవాడైనా వదిలేసి రావాలి. ఇంట్లో అయితే కరెంటు పోయినా అదే చేసేవాడు, చెప్పు తెగినా అదే. నేను నవ్వేదాన్ని. మా ఇద్దరికీ అది చాలేది. అతనికి వినపడదు, నేను గట్టిగా అనను. చూసుకుంటే చాలు.

కరోనా మొదటి ఏడు మీ నాన్న మిమ్మల్ని తీసుకుని కరీంనగర్ వెళ్ళిపోయాడు. మేము ఉండిపోయాం. నేను అడాజన్‌లో ఒక డాక్టర్ గారింట్లో వంట చేసేదాన్ని, మన తెలుగువాళ్ళే. ఆ మేడమ్ మంచిది. పనికి రావద్దన్న రోజుల్లో కూడా బియ్యం పంపింది. ఈ మాట చెప్పకుండా మిగతాది చెబితే నాకు పాపం.

రెండో ఏడు ఆ మేడమే ఫోన్లో ధ్యానం క్లాసు పెట్టించింది. హైదరాబాద్ నుంచి ఒక సారు చెప్పేవారు, పొద్దున ఆరున్నరకు. "అమ్మా, మీరు తప్పకుండా కూర్చోండి. మీరు పుట్టుకతోనే శాంతమూర్తి, మేమే మీ దగ్గర నేర్చుకోవాలి" అంది మేడమ్. నాకు ఎంత సంతోషమైందో! వంటమనిషిని పట్టుకుని ఎవరు అంటారు అట్లా? బడులు లేవు కాబట్టి మీరూ మీ అమ్మ ఫోన్లో చేరేవారు. పొద్దున్నే మీ ముఖాలు కనపడతాయని నాకదో ఆశ.

సారు నిజంగానే బాగా చెప్పేవారు. శ్వాసను చూడండి. లోపల ఏం లేస్తుందో చూడండి. చూస్తూ ఉంటే నువ్వెవరో నీకు తెలుస్తుంది. ఈ మాటలు ఇప్పటికీ తప్పని నేను అనను. కానీ ఇంకొకటి కూడా చెప్పేవారు. "ఏ శబ్దం వచ్చినా కళ్ళు తెరవకండి. గమనించండి, వదిలేయండి." క్లాసు మొదలుకాగానే అందరి మైకులూ ఆయనే మూసేసేవారు. మళ్ళీ ఆయన తెరిస్తేనే మన మాట వినపడేది.

ఆ ఎండాకాలంలోనే మీ తాతకు జ్వరం వచ్చింది. గల్లీలో ఇంటికొకరికి వస్తోంది, మాత్ర వేసుకుంటే పోతోంది. నాలుగో రోజుకు తగ్గింది కూడా. మేడమ్‌కు చెప్పలేదు. చెబితే మళ్ళీ పనికి రావద్దంటుందని. ఇది నా మొదటి తప్పు.

ఆ పొద్దున మీ తాత గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను ఫోన్‌ను పిండి డబ్బాకు ఆనించి, మీకు తాత కూడా కనపడాలని కొంచెం పక్కకు కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాను.

కాసేపటికి చాప మీద గోళ్ళు గీకిన చప్పుడు వినిపించింది. గమనించాను, వదిలేశాను. తర్వాత ఊపిరి. నా ఊపిరి ఒకటి వెళ్ళేలోపు అతనిది మూడు వెళ్తోంది. అది కూడా గమనించాను. నా ఊపిరి దగ్గరికి తిరిగి వచ్చాను. స్టీలు గ్లాసు పడింది, దొర్లింది, తలుపుకు తగిలి ఆగింది. అప్పుడు నాకేం అనిపించిందో చెప్పనా? గర్వం! మిగతా ఆడవాళ్ళయితే ఈపాటికి కళ్ళు తెరిచేవాళ్ళు, నేను తెరవలేదు అని. ఇంత చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది. కానీ ఇది ఒక్కటి దాచి మిగతాది చెప్పినా ఉపయోగం లేదు.

ఆ ఇరవై నిమిషాలూ మీ తాత నన్ను పిలుస్తూనే ఉన్నాడు. చెయ్యి ఎత్తి, వేళ్ళు కలిపి, విడదీసి. దారం తెగింది, ఇటు రా. కళ్ళు మూసుకున్న మనిషికి సైగ ఎట్లా కనపడుతుంది?

కనపడింది పెద్దదానికి. అది ఎప్పుడూ కళ్ళు సగమే మూసేది, నాకు తెలుసు. ఫోన్లో నా వెనక తాత చెయ్యి లేచి పడటం చూసింది. "బాపమ్మా, తాత పిలుస్తుండు!" అని మొత్తుకుంది. మైకు మూసి ఉంది. పక్కన మీ అమ్మ కళ్ళు మూసుకునే "ఏయ్, సప్పుడు చెయ్యకు, ధ్యానం గాదె" అని దాని తొడ మీద ఒకటి వేసింది.

సారు గంట కొట్టారు. కళ్ళు తెరిచాను. ముందు ఫోన్ కనపడింది. అందులో పెద్దది ఏడుస్తోంది. నోరంతా తెరిచి ఏడుస్తోంది, ఒక్క చప్పుడు లేదు. దాని వేలు చూపిస్తున్న వైపు తిరిగాను. మీ తాత గోడ నుంచి పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి. చెయ్యి ఇంకా కొంచెం లేచే ఉంది.

సరిగ్గా అప్పుడే సారు మైకు తెరిచి అన్నారు, "అమ్మా, ఈ రోజు మీరు చాలా నిశ్చలంగా కూర్చున్నారు. మీ అనుభవం చెప్పండి."

చెప్పాను. మీరు విన్నారు.

"నా అనుభవం మన్నుగాను! గీడ మనిషి పోతుండు! మేడమ్, డాక్టర్ సార్ను లేపుండ్రి!"

"అమ్మా, ఏమైందమ్మా? శాంతంగా చెప్పండి. ఆయన నైట్ డ్యూటీ చేసి ఇప్పుడే పడుకున్నారు..." అంది మేడమ్.

"పండుకుంటె లేపు! శాంతం లేదు గీంతం లేదు! లేపుతవా, నన్ను అచ్చి తలుపు గుద్దమంటవా?"

ఆ మేడమ్‌ను నేను "నువ్వు" అన్నది అదే మొదటిసారి. ఆమె లేపింది. డాక్టర్ గారు ఫోన్లోనే చూసి బోర్లా పడుకోబెట్టమన్నారు, ఏ ఆసుపత్రిలో మంచం ఖాళీ ఉందో కనుక్కుని మళ్ళీ ఫోన్ చేశారు. పక్కింటి ఆటో అతను గుజరాతీ. నేను ముందు సీట్లోకి వంగి తొందరపెడుతుంటే "బా, శాంతి రాఖో" అన్నాడు. అమ్మా, ఓపిక పట్టమని. అతని మీద కూడా అరిచాను. ఆ రోజు శాంతి అనే మాట ఎవరి నోట వచ్చినా కొట్టాలనిపించింది.

మీ తాత ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉండి బయటపడ్డాడు. డాక్టర్ గారు "ఇంకో గంట ఆలస్యమైతే కష్టమయ్యేది" అన్నారు. ఆ గంటలో ఇరవై నిమిషాలు నేను తినేశాను.

ఇంటికి వచ్చాక, కాస్త గంజి తాగేంత ఓపిక వచ్చాక, అడిగాను. చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగానే అడిగాను.

"ఏందయ్యా, చెయ్యి ఊపుడేంది? కాలుతోనన్న ఒక్కటి తన్నకపోయినవా?"

"నువ్వు ధ్యానంల ఉంటివి. లేపద్దన్నరు గద."

"సచ్చిపోయినా లేపవా?"

"సచ్చిపోత అనుకోలె. గంట కొట్టంగనే సూస్తవ్ అనుకున్న." నవ్వాడు. "అయినా గంత నోరు నీకున్నదని నాకేమెరుక? నలభై ఏండ్ల సంది ఏడ దాసినవే?"

నాకు నవ్వు రాలేదు. లోపల నుంచి మంట లేచింది. ప్రాణం పోతున్నా మర్యాద తప్పలేదు ఈ మనిషి. నేనూ తప్పలేదు. ఎవరో చెప్పారని ఇద్దరం బుద్ధిగా కూర్చున్నాం. తొమ్మిదేళ్ళ పిల్ల ఒక్కతే బుద్ధి తప్పింది, దానికి మీ అమ్మ చేత దెబ్బ పడింది.

ఆ వారం సారు సందేశం పంపారు. "కోపం వచ్చినప్పుడు దాన్ని గమనించాలమ్మా." సరే, గమనిద్దాం అనుకున్నాను. క్లాసు లేకుండా, ఫోన్ లేకుండా ఒక్కదాన్నే కూర్చున్నాను. మొదట సారు కనపడ్డారు, తర్వాత మేడమ్. వాళ్ళ మీద కోపం సగం సగమే నిలబడింది. ఎక్కువసేపు చూస్తే మా అత్త గొంతు వినపడింది, నోట్లో నాలుక లేదు అని. ఆ మాటకు మురిసిపోతున్న పద్దెనిమిదేళ్ళ పిల్ల కనపడింది. ఆ పిల్లకు కోపం రాక కాదు. కోపం వచ్చిన ప్రతిసారీ మింగింది, మింగినందుకు మెప్పు వచ్చింది, మెప్పుకు మరిగింది. ముసలిదయ్యాక కూడా ఫోన్లో ముక్కూ ముఖం తెలియని సారు మెప్పు కోసం మొగుడి ఊపిరిని వదిలేసింది. నేను శాంతం అనుకున్నది ఇదీ. దాన్ని చూశాక నాకు తేలిక కాలేదు, ఇంకా మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

పెద్దదానా, నువ్వు గట్టిగా అరవలేదని అనుకుంటున్నావట, మీ అమ్మ చెప్పింది. నువ్వు అరిచావు. వినపడకుండా మూసింది పెద్దవాళ్ళం. మీ అమ్మ నిన్ను కొట్టినందుకు ఆమెను కూడా తిట్టాను, నీకు చెప్పిందో లేదో.

నెల తర్వాత మేడమ్ ఫోన్ చేసింది. పనికి రమ్మంది. క్లాసు కూడా మళ్ళీ మొదలుపెడుతున్నామంది. "మీలాంటి శాంతమైన మనిషి మాకెక్కడ దొరుకుతారమ్మా, ఆ రోజు ఏదో కంగారులో అన్నారు, నేనేం మనసులో పెట్టుకోలేదు" అంది.

"కంగారుల అనలేదు మేడమ్," అన్నాను. "కోపంల అన్న. నేను శాంతమైన మనిషిని కాదు. మీరు అట్ల పిలవద్దు."

ఆమె అడిగింది, "ఎవరి మీదమ్మా కోపం?"

"ముందుగాల నా మీద. తర్వాత మీ మీద గూడ. శాంతంగ చెప్పుమన్నరు కద, అది పోతలేదు."

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. పనికి ఎప్పుడు వస్తారని మళ్ళీ అడిగింది, ఈసారి గొంతు చిన్నది చేసుకుని. మీ తాత నడవగలిగాక వస్తానన్నాను. క్లాసుకు రానన్నాను.